సిలువ మార్గం ధ్యానాలు: "తండ్రి తన కోపాన్ని కొడుకు మీద కుమ్మరించాడు" అని రాయవచ్చా?

తాంబరం లోకల్ · బుధవారం, రాత్రి 9:14

తపస్సు కాలం (ఈస్టరుకు ముందు నలభై రోజులు) ఐదో శుక్రవారం తెల్లవారుజామున చెన్నై పరంగిమలై (సెయింట్ థామస్ మౌంట్) మెట్ల మీద మన తెలుగువాళ్ళ సిలువ మార్గం ఉంది, అంటే ప్రభువు శ్రమల్లో ఒక్కో ఘట్టానికి ఒక్కో స్థలం దగ్గర ఆగి చేసే ప్రార్థన. 14 స్థలాలకూ కొత్త ధ్యానాలు రాయమన్నారు. పాత పుస్తకం భాష పిల్లలకు అర్థం కావడం లేదు. పెద్దవాళ్ళకు కంఠతా వచ్చు కనుక వాళ్ళు వినడం మానేశారు. నాలుగు స్థలాలు రాశాను, ముక్కలు కింద పెడుతున్నా. మొహమాటపడకుండా చెప్పండి.

1వ స్థలం: "యూదులు తమ రక్షకుణ్ణి చంపమని కేకలు వేశారు. ఆ కృతఘ్న జాతి బరబ్బను కోరుకుంది..."

3వ స్థలం: "39 కొరడా దెబ్బలు, 5 వేలకు పైగా గాయాలు. ఒంట్లో రక్తమంతా కారిపోయిన ప్రభువు పడిపోయాడు. మనమూ పడతాం, ఆయనలా లేద్దాం..."

6వ స్థలం: "సువార్తలో మనం చదివే వెరోనికమ్మ ధైర్యంగా ముందుకొచ్చింది..."

12వ స్థలం: "మన పాపాల మీద మండిపడిన తండ్రి ఆ కోపాన్నంతా కొడుకు మీద కుమ్మరించి, ముఖం తిప్పుకున్నాడు..."

ఒక్కో స్థలానికి ఎంత నిడివి ఉండాలో కూడా చెప్పగలరు.

ఈసోపు రెమ్మ · బుధవారం, రాత్రి 9:50

తమ్ముడూ, నాలుగింటిలోనూ సరిచేయాల్సినవి ఉన్నాయి. 12 గురించి ఇక్కడ చెప్పగలవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళకు వదిలేస్తున్నా. మిగతావి చూద్దాం.

39 దెబ్బలన్నది యూదుల చట్టం లెక్క. ద్వితీయోపదేశం 25:3 ప్రకారం 40కి మించి కొట్టకూడదు కాబట్టి ఒకటి తగ్గించి కొట్టేవాళ్ళు. పౌలుకు పడ్డవి అవే, 2 కొరింతీ 11:24 చూడు. ప్రభువును కొరడాలతో కొట్టింది రోమా సైనికులు, వాళ్ళకు ఆ హద్దు లేదు. ఎన్ని దెబ్బలో నలుగురు సువార్తికుల్లో ఒక్కరూ చెప్పలేదు. ఐదు వేల చిల్లర గాయాల లెక్క పునీత బ్రిజితమ్మ పేరు మీద తిరిగే 15 జపాల వాగ్దానాల నుంచి వచ్చింది. ఆ వాగ్దానాలు దైవికమని రుజువు కాలేదని రోము 1954లోనే హెచ్చరించింది. జపాలు చెప్పుకుంటే చెప్పుకోండి, లెక్కను మాత్రం మైకులో చదవొద్దు.

"రక్తమంతా కారిపోయిన" అన్నది ఇంకా చిక్కు. మూడో స్థలంలోనే అంతా అయిపోతే, చనిపోయాక ప్రక్కలో ఈటె పొడిస్తే వచ్చిన రక్తమూ నీళ్ళూ (యోహాను 19:34) ఎక్కడివి? ఒక స్థలంలో రాసింది ఇంకో స్థలం కాలికి అడ్డం పడకూడదు.

వెరోనికమ్మ సువార్తల్లో లేదు. మూడు పతనాలు, తల్లి ఎదురుపడడం కూడా లేవు. అంటే 3, 4, 6, 7, 9 సంప్రదాయం నుంచి వచ్చినవి. 13లో ప్రభువును సిలువ మీంచి దించడం సువార్తలో ఉంది, తల్లి ఒడిలో పెట్టడం లేదు. వీటిని తీసేయమనడం లేదు. "సువార్తలో చదివే" అన్న మాట ఒక్కటి తీసేయి చాలు. 6కు వాక్యం కావాలంటే యెషయా 53:2 పెట్టుకో, చూడ్డానికి ఆయనలో ఏ అందమూ లేదన్న వచనం. ఆ అందం లేని ముఖాన్నే ఆమె తుడిచింది.

గంటస్తంభం · బుధవారం, రాత్రి 10:05

వేదవాక్యం ఉన్న స్థలాలే కావాలనుకుంటే 1991 పెద్ద శుక్రవారం (గుడ్ ఫ్రైడే) రోము కొలొసియంలో రెండవ జాన్ పాల్ జగద్గురువులు (పోపు) నడిపించిన వరుస ఉంది. గెత్సేమనితో మొదలై సమాధితో ముగుస్తుంది. పేతురు బొంకడం, మంచి దొంగ, సిలువ దగ్గర తల్లీ యోహానూ అందులో స్థలాలే. కానీ కొండ మెట్ల మీద ఉన్నవి పాత వరుస స్థలాలు. కంటి ముందు ఒక బొమ్మ, మైకులో ఇంకో స్థలం అయితే జనం తికమక పడతారు. కొండ మీద పాత వరుసే నయం. కొత్తది గుడి లోపలో ఇంట్లోనో చేసుకోవచ్చు.

14 అన్న సంఖ్య కూడా మొదట్నుంచీ లేదు. ఒక్కో చోట ఒక్కో లెక్క ఉండేది, 1731లో 12వ క్లెమెంటు జగద్గురువులు 14గా స్థిరపరిచారు.

జామీను · బుధవారం, రాత్రి 11:20

12వ స్థలం, అంటే ప్రభువు సిలువ మీద చనిపోయే చోటు, దగ్గర కాసేపు ఆగుతాను, అసలు సంగతి అక్కడుంది.

"తండ్రి కోపాన్ని కొడుకు మీద కుమ్మరించాడు" అన్నది మనవాళ్ళ నోట్లో బాగా నానిన మాట. సువార్త సభల్లో విని, పాటల్లో పాడి మనదే అనుకుంటున్నాం. కతోలిక శ్రీసభ బోధ అది కాదు. సత్యోపదేశం (శ్రీసభ అధికారిక ఉపదేశ గ్రంథం) 603 సూటిగా చెబుతుంది: తానే పాపం చేసినట్టుగా యేసు దేవుని చేత తోసివేయబడలేదు.

మరి "అప్పగించాడు" అని రోమీ 8:32లో ఉంది కదా అంటారు. ఏ అర్థంలో అప్పగించాడో అక్వినా పునీత తోమాసు మూడు ముక్కల్లో విడగొట్టారు (ఆయన గ్రంథం సుమ్మా మూడో భాగం, 47వ ప్రశ్న, 3వ అంశం). ఒకటి, మానవజాతి విమోచనకు ఈ బాధలను అనాదిగా ఏర్పాటు చేశాడు. రెండు, మన కోసం బాధపడాలన్న ఇష్టాన్ని, ప్రేమను కుమారునిలో నింపాడు. మూడు, హింసించేవాళ్ళ చేతుల నుంచి అడ్డుపడి తప్పించలేదు. ఈ మూడింట్లో కోపం ఎక్కడుంది? రెండో ముక్క మళ్ళీ చదవండి. అప్పగించడమంటే ప్రేమ నింపడం.

యోహాను 10:17, 18 పక్కన పెట్టి చూడండి. నా ప్రాణం నా నుంచి ఎవరూ తీసుకోరు, నేనే ధారపోస్తాను, ఇందుకే తండ్రి నన్ను ప్రేమిస్తున్నాడు అంటాడు. సిలువ మీద తండ్రి ప్రేమ ఆగిపోయిందంటే ఈ మాట అబద్ధమైపోతుంది. పైగా తండ్రికీ కుమారునికీ దైవచిత్తం ఒక్కటే. తండ్రి ఒకటి తలిస్తే కొడుకు దానికి బలయ్యాడు అని రాస్తే, మనకు తెలియకుండానే ఇద్దరు దేవుళ్ళను పెట్టినట్టు.

కోడి కూసే వేళ · గురువారం, ఉదయం 6:02

జామీను గారూ, ఒప్పుకోను. యెషయా 53:10లో ఆయనను నలగగొట్టడం ప్రభువుకు ఇష్టమైందని ఉంది. 53:5లో మనకు సమాధానమిచ్చే శిక్ష ఆయన మీద పడిందని ఉంది. రోమీ 1:18లో దేవుని కోపం ఉంది. ఇవి సువార్త సభలవాళ్ళు రాసుకున్నవి కావు కదా. కోపం అన్న మాటే తీసేస్తే పాపం చిన్న తప్పయిపోతుంది, అయ్యో పాపం అనుకుని ఇంటికెళ్ళిపోతారు.

ఈసోపు రెమ్మ · గురువారం, ఉదయం 7:30

53:4 వదిలేశారు. "దేవుడే ఇతణ్ణి కొట్టాడని మనం అనుకున్నాం." అనుకున్నాం! ఆ పాటలో మాట్లాడుతున్నవాళ్ళు తమ పొరపాటును ఒప్పుకుంటున్నారు. ఆ వెంటనే ఐదో వచనం "కానీ" అని తిరుగుతుంది: గాయపడింది మన అతిక్రమాల వల్ల. దేవుడు పగబట్టి కొట్టాడన్నది చూసేవాళ్ళ మొదటి అంచనా. తాంబరం తమ్ముడి 12వ స్థలం ఆ అంచనా దగ్గరే ఆగిపోయింది.

2 కొరింతీ 5:21లో "పాపంగా చేశాడు" అన్నచోట కూడా జాగ్రత్త. హీబ్రూలో హత్తాత్ అన్న ఒకే మాటకు పాపం, పాపపరిహార బలి అని రెండర్థాలూ ఉన్నాయి. పునీత అగస్తీనుగారు ఆ వచనాన్ని బలి అన్న అర్థంలోనే చదివారు.

జామీను · గురువారం, ఉదయం 8:15

కోడి కూసే వేళ గారి మాటలో సగం నిజం, దాన్ని వదలకూడదు. శిక్ష అన్న మాట ఉంది. పాపానికి ఫలం మరణం, ఆ మరణాన్ని ఏ పాపమూ లేనివాడు తన మీద వేసుకున్నాడు. సత్యోపదేశం 602 చెప్పేదీ ఇదే. శిక్ష భరించడం వేరు, ద్వేషానికి గురికావడం వేరు.

నా పేరులోనే ఉంది కాబట్టి అప్పు ఉదాహరణే చెబుతా. తమ్ముడి అప్పుకు అన్న జామీను సంతకం పెట్టాడు. తమ్ముడు ఎగ్గొట్టాడు, అన్న కట్టాడు. కట్టినంత మాత్రాన అప్పిచ్చినవాడికి అన్న మీద పగ ఉన్నట్టా? ఇక్కడ ఇంకో మెట్టుంది. అప్పు రావాల్సినవాడే ఆ జామీనుదారుణ్ణి పంపాడు. 1098 ప్రాంతంలో పునీత అన్సెల్ముగారు అప్పు లెక్కన వివరించారు: దేవునికి చెల్లాల్సిన గౌరవాన్ని మనిషి ఎగ్గొట్టాడు, తీర్చాల్సింది మనిషి, తీర్చగలిగింది దేవుడు, కాబట్టి దేవుడూ మనిషీ అయినవాడు కావాలి. తోమాసుగారు దాన్ని ఇంకా ఇంటికి తెచ్చారు. ఒకడు కాలితో తప్పు చేసి, చేతులతో మంచి పని చేసి దాన్ని తీర్చుకున్నట్టు అంటారు (49వ ప్రశ్న, 1వ అంశం). క్రీస్తు తల, మనం అవయవాలు, మొత్తం ఒకే మనిషి. ఒకడి తప్పుకు ఇంకెవణ్ణో కొట్టడం అన్యాయం కాదా అని పిల్లలు అడుగుతారు చూడండి, వాళ్ళకు చెప్పాల్సిన జవాబు ఇదే.

పాపం చిన్నదైపోతుందన్న భయానికి: పాపం బరువు చూపించేది కొలిచిన రక్తం కాదు. ఆయన పడిన బాధలో అతి చిన్నదైనా మనందరి విమోచనకు సరిపోయేదని తోమాసుగారే రాశారు (46వ ప్రశ్న, 5వ అంశం). సరిపోయేదాని కంటే ఎంతో ఎక్కువ ఇచ్చాడంటే, ఆ ఎక్కువకు కారణం లెక్క కాదు, ప్రేమ. ధ్యానంలో గాయాలు లెక్కబెడుతూ కూర్చుంటే ఈ సంగతి చేజారిపోతుంది. సువార్తికులు మేకుల గురించి వర్ణించరు, "ఆయనను సిలువ వేశారు" అని మార్కు ఒక్క వాక్యంలో దాటేస్తాడు (15:24). అదే మార్కు, సిలువ మోసిన సీమోను కొడుకుల పేర్లు, అలెగ్జాండరు, రూఫు, గుర్తుపెట్టుకుని రాశాడు (15:21).

కోడి కూసే వేళ · గురువారం, ఉదయం 8:40

జామీను ఉదాహరణ బాగుంది. "శిక్ష" ఉంచి "కోపం" తీయడానికి ఒప్పుకుంటా. కానీ "నన్నెందుకు విడనాడావు" అన్న కేక సంగతేంటి? అది ఊరికే కీర్తన వల్లించడం అనకండి, అంత తేలిగ్గా దాటేస్తే వినేవాళ్ళకు అన్యాయం.

జామీను · గురువారం, ఉదయం 9:10

వల్లించడం అని నేనూ అనను. అది 22వ కీర్తన మొదటి పంక్తి. ఆ కీర్తన 24వ వచనానికి వచ్చేసరికి ఆయన బాధితుణ్ణి తోసివేయలేదు, ముఖం దాచుకోలేదు అంటుంది. "ముఖం తిప్పుకున్నాడు" అన్న వాక్యాన్ని కొట్టేయడానికి ఆ ఒక్క వచనం చాలు. కానీ కేక నిజమైన కేకే. దేవుడు దూరమయ్యాడని అనిపించే మనిషి స్థితిలోకి ఆయన పూర్తిగా దిగాడు. ధ్యానంలో రెండూ ఉండాలి. మొదటిది లేకపోతే భయం మిగులుతుంది, రెండోది లేకపోతే నాటకంలా ఉంటుంది.

కొండ కింది టీ · గురువారం, మధ్యాహ్నం 1:20

1వ స్థలం ఎవరూ ముట్టుకోలేదేంటి? "కృతఘ్న జాతి" అన్న ముక్క ఇప్పుడే తీసేయండి. అప్పటి యూదులందరి మీద గానీ ఇప్పటివాళ్ళ మీద గానీ ఆ నేరం మోపకూడదని రెండవ వాటికన్ మహాసభ 1965లో తేల్చి చెప్పింది. ఇది కొత్తగా పుట్టిన మర్యాద కూడా కాదు. 1566 నాటి రోమా ఉపదేశ గ్రంథమే మన నేరం వాళ్ళ నేరం కంటే పెద్దదంటుంది, ఎందుకంటే ఆయన ఎవరో వాళ్ళకు తెలియదు, తెలిసి చేస్తున్నది మనం. సత్యోపదేశం 598 దాన్నే ఎత్తి చూపుతుంది.

అదే ఊపులో ఇంకో సంగతి. "మా పాపాలు", "పాపిష్టి లోకం" అని రాసినంతసేపూ వినేవాళ్ళు పక్కవాడి పాపం తలుచుకుంటారు. పేరుపెట్టి చెప్పాలి. మన మద్రాసు తెలుగు ఇళ్ళలో ఏముంటాయో మనకు తెలియదా? పనమ్మాయి రెండు రోజులు రాలేదని జీతం కోయడం. చీటీ పాట పాడి డబ్బు తీసుకుని తర్వాత వాయిదాలు ఎగ్గొట్టడం. ఇద్దరూ కతోలికులే అయినా సంబంధం మాట్లాడేటప్పుడు కులం అడగడం. ఎవరిదో ఇంటి గుట్టు వాట్సాప్‌లో తోసేయడం. ఒక్కో స్థలానికి ఒక్కటి చాలు, రెండు పెడితే జాబితా చదివినట్టుంటుంది. జీతం కోయడం 10వ స్థలానికి సరిపోతుంది. ఆయన బట్టలు లాక్కుని సైనికులు పంచుకున్న చోటు అది.

పిలాతు చేతులు కడుక్కోవడం మత్తయి 27:24లో ఉంది, 1కి అదే చాలు. నా చేతిలో ఏముంది, పైవాళ్ళు చెప్పారు, సంతకం పెట్టాను అనే ఆఫీసు మాట.

మల్లెపూల మాత · గురువారం, మధ్యాహ్నం 3:00

ఆడవాళ్ళ తరఫున ఒక మాట. 4లో (తల్లి ఎదురుపడే చోటు) గానీ 8లో (యెరూషలేము స్త్రీలు ఏడ్చే చోటు) గానీ "ఆ తల్లిలా మనమూ ఇంట్లో సిలువను నోరెత్తకుండా మోద్దాం" అని రాసే అలవాటుంది. దయచేసి వద్దు. భర్త చేతి దెబ్బలు తింటున్న మనిషి ఆ గుంపులో ఉంటుంది. సేవకుడు చెంప మీద కొడితే ప్రభువు ఊరుకోలేదు. నేను తప్పు మాట్లాడితే చూపించు, సరిగ్గా మాట్లాడితే ఎందుకు కొడుతున్నావు అని అడిగాడు (యోహాను 18:23). ఆయన సిలువను తనంతట ఎత్తుకున్నాడు. ఇంకొకరి చేతి కర్రకు ఒళ్ళప్పగించి దానికి సిలువ అని పేరు పెట్టలేదు. జబ్బు, వార్ధక్యం, తప్పించుకోలేని నష్టం లాంటివాటిని కొలస్సీ 1:24తో కలిపి చెప్పండి. 1984లో బాధల గురించి జాన్ పాల్ జగద్గురువులు రాసిన లేఖ ఆ వచనంతోనే మొదలవుతుంది. ఆపగలిగే హింసను మాత్రం అందులో కలపొద్దు.

గంటస్తంభం · గురువారం, సాయంత్రం 5:45

నిడివి అడిగారు కదా.

స్థలం పేరు చెప్పి, "ఆరాధించి స్తోత్రము చేయుచున్నాము" దగ్గర మోకరించి లేవడం 20 సెకన్లు. వాక్యం 20. ధ్యానం 90. మౌనం 30. జపాలు 40. తర్వాతి స్థలానికి నడుస్తూ పాట ఒక చరణం 60. మొత్తం 260 సెకన్లు, 14 స్థలాలకు గంట దాటి 40 సెకన్లు. ముందూ వెనకా జపాలకు ఇంకో 6 నిమిషాలు. 5:30కి మొదలెడితే 6:40 లోపు పైన ఉంటారు, ఎండ ముదరదు.

మెట్ల మీద, మైకులో, నిదానంగా చదివితే నిమిషానికి 80 మాటలు దాటవు. అంటే ధ్యానం 120 మాటల లోపు.  ఆలస్యమైతే అందరూ కోసేది మౌనాన్నే. కోయాల్సింది ధ్యానాన్ని. ఆ 30 సెకన్లను ఒకరు గడియారం చూసి పాటించాలి, లేకపోతే పాట ఎత్తేవాళ్ళు 8వ సెకనుకే అందుకుంటారు.

ఇంకోటి. మెట్లెక్కి వచ్చినవాళ్ళు వెంటనే చదివితే ఆయాసం మైకులో వినిపిస్తుంది. ఇద్దరు చదువరులను పెట్టండి, ఒకరు బేసి స్థలాలు, ఒకరు సరి స్థలాలు. ఒకరు చదువుతుండగా రెండోవాళ్ళు ముందే పై స్థలం దగ్గరికి చేరి ఊపిరి కుదుటపరచుకుంటారు. మైకు నోటికి బెత్తెడు దూరంలో, స్పాంజి తొడుగు వేసి. లేకపోతే నోటి గాలి "ప", "బ" అక్షరాల్ని ఢాంఢాం అని పేలుస్తుంది.

పరిపూర్ణ ఫలం, అదే ఇండల్జెన్స్ (క్షమించిన పాపాలకు ఇంకా మిగిలే శిక్ష తొలగడం), గురించి ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. అధికారికంగా స్థాపించిన స్థలాల ముందు చేయాలి, ఒక స్థలం నుంచి ఇంకో స్థలానికి కదలాలి. గుంపంతా కదలలేకపోతే నడిపించేవారు కదిలితే చాలు. కాబట్టి మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింద మెట్టు మీదే కూర్చోవచ్చు. ప్రతి స్థలం గురించీ విడిగా ధ్యానించాలన్న నిబంధన లేదు, ప్రభువు శ్రమలనూ మరణాన్నీ ధ్యానిస్తే చాలు. దాంతోపాటు పాపసంకీర్తనం (కన్ఫెషన్), సత్ప్రసాద స్వీకరణ (కమ్యూనియన్), జగద్గురువుల ఉద్దేశాలకు ప్రార్థన, ఏ పాపం మీదా, అల్పపాపం మీద కూడా, మమకారం లేకపోవడం. పాపసంకీర్తనం ఆ రోజే కానక్కర్లేదు, అటూ ఇటూ సుమారు 20 రోజుల్లో చేసుకోవచ్చు.

కొండ కింది టీ · గురువారం, సాయంత్రం 6:10

ఆ చివరి షరతే అసలు కొండ.

పలక బలపం · గురువారం, రాత్రి 8:30

పిల్లలతో చదివిస్తారా? అయితే ఇది చూసుకోండి. ఇక్కడి పిల్లలకు తెలుగు వినడం వచ్చు, చదవడం రాదు. అందుకని చాలామంది తమిళ లిపిలో రాసిస్తారు. తమిళంలో క, గ రెంటికీ ఒకే అక్షరం, ప, బ, భ లకూ ఒకటే, త, ద, ధ లకూ ఒకటే. "నీ గాయాలు" అని రాసిస్తే "నీ కాయాలు" అని చదువుతారు. తమిళంలో కాయం అంటే గాయమే కాబట్టి పిల్లవాడికి అనుమానం రాదు, తెలుగులో విన్నవాళ్ళకు ఒళ్ళు అని వినబడుతుంది. "బాధ" అయితే "పాద" అవుతుంది. "ప్రభువు బాధలు తలచుకుని" అన్నది "ప్రబువు పాదలు తలచుకుని" అయిందంటే మౌనంలో నవ్వులు మొదలవుతాయి.

పరిష్కారం: లిపి ఏదైనా, ఆ 120 మాటల్నీ ముందు ఎవరైనా పెద్దవాళ్ళు చదివి ఫోన్‌లో రికార్డు చేసి పంపాలి. పిల్లలు కనీసం నాలుగు రోజులు విని చదవాలి. గ, బ, ద ఉన్నచోట ఎర్ర గీత పెట్టండి. వాక్యం పది మాటలు దాటకూడదు. "చేయుచున్నాము" లాంటివి జనం కలిసి చెప్పే జవాబుల్లో ఉంచండి, అవి అలవాటే. ధ్యానంలో మాత్రం మాట్లాడే తెలుగే రాయండి. అక్షరం 16 పాయింట్లకు తగ్గొద్దు, అప్పటికింకా తెల్లవారదు, టార్చి వెలుగులో చదవాలి.

ఈసోపు రెమ్మ · గురువారం, రాత్రి 9:05

మూడు పతనాల గురించి కూడా చెప్పేస్తా. 3, 7, 9 మూడింటికీ "మనమూ పడతాం, లేద్దాం" అని రాస్తే మూడోసారికి ఎవరూ వినరు. పడడంలో తేడా చూపించాలి. 3 బలహీనత: అనుకోకుండా, బరువుకు. 7 అలవాటు: పాపసంకీర్తనంలో ప్రతి నెలా అదే పాపం అవే మాటల్లో చెప్పేవాళ్ళ పతనం. 9 నిరాశ: ఇక నా వల్ల కాదు, దేవుడికి కూడా విసుగొచ్చి ఉంటుంది అనుకోవడం. ప్రభువును పట్టిచ్చిన యూదాకూ, ఎరగనని బొంకిన పేతురుకూ తేడా అక్కడే వచ్చింది. ఇద్దరూ పడ్డారు, ఇద్దరూ ఏడ్చారనే అనుకుందాం. పేతురు ప్రభువు చూపు తన మీద పడనిచ్చాడు (లూకా 22:61).

7 దగ్గర ఒక పని పెట్టొచ్చు. చావైన పాపానికి (ఆత్మకు చావు తెచ్చే పెద్ద పాపం) మూడూ ఉండాలి: గంభీరమైన విషయం, తెలిసి చేయడం, ఇష్టపడి చేయడం. అలవాటు మూడోదాన్ని కొంత తగ్గించవచ్చు, విషయాన్ని చిన్నది చేయదు. చావైన పాపాలైతే ఏ రకం, ఎన్నిసార్లు అన్నది చెప్పుకోవాలి. "ఫాదర్, మామూలు పాపాలే" అనేవాళ్ళకు ఆ రోజు గుడి బయట క్యూలో నిలబడ్డప్పుడు ఇది గుర్తొస్తే మంచిదే.

తాంబరం లోకల్ · శుక్రవారం, రాత్రి 10:30

అందరికీ దండాలు. 1, 3, 6 తిరగరాశాను, గంటస్తంభం గారికి విడిగా పంపుతా. 12 ఇక్కడే పెడుతున్నా.

"మిట్టమధ్యాహ్నం చీకటి పడింది. మూడు గంటలు. ఆయన కేక వేశాడు: నా దేవా, నా దేవా, నన్నెందుకు విడనాడావు? రాత్రి ఆసుపత్రి వరండాలో కూర్చున్నవాళ్ళ మాట అది. ఆ మాటను ఆయన తన నోట పెట్టుకున్నాడు. తండ్రికి ఆయన మీద కోపం లేదు. మన చావును తనదిగా చేసుకోమని పంపింది ఆ తండ్రే, ఇష్టపడి వచ్చింది ఈ కొడుకే. వారం నుంచి మనం పలకరించని అన్న పేరు ఇప్పుడు మనసులో అనుకుందాం. ఆ అన్న కోసం కూడా ఆయన చేతులు చాచే ఉన్నాయి. తండ్రీ, నా ఆత్మను నీ చేతులకు అప్పగిస్తున్నాను. తల వంచాడు."

కోడి కూసే వేళ · శుక్రవారం, రాత్రి 10:52

"కోపం లేదు" తీసేయండి. మనం ఇక్కడ వాదించుకున్నాం కాబట్టి అది మీకు గుర్తొస్తోంది. కొండ మీద ఆ ప్రశ్న వేసినవాళ్ళు ఎవరూ లేరు. లేదు అని చదివితే, ఉందేమో అన్న ఆలోచన అప్పుడే పుడుతుంది. తర్వాతి వాక్యమే ఆ పని చేస్తోంది.

జామీను · శుక్రవారం, రాత్రి 11:01

నిజమే. ఈసారి నేను ఒప్పుకుంటున్నా.

మల్లెపూల మాత · శుక్రవారం, రాత్రి 11:08

పలకరించని అన్న సరే. కానీ కొందరు మాట్లాడకపోవడానికి మంచి కారణమే ఉంటుంది. "మనం తప్పు చేసి మొహం చాటేసిన అన్న" అంటే కచ్చితంగా ఉంటుంది.

గంటస్తంభం · శనివారం, ఉదయం 6:40

"తల వంచాడు" తర్వాత అందరూ మోకరించాలి. ఇక్కడ మౌనం 30 కాదు, పూర్తి నిమిషం. కింద రాతి మెట్టు కాబట్టి ఒక గోనెసంచో తువ్వాలో తెచ్చుకోమని ముందే చెప్పండి. లేచేటప్పుడు వెంటనే పాట వద్దు, 13వ స్థలానికి ఊరికే నడవండి.

ఉపవాసం గురించి కూడా ఒక మాట: తపస్సు కాలంలో మామూలు శుక్రవారం ఉపవాసం విధి కాదు, మాంసం మానడం మటుకే. ఉపవాసం విధి అయినవి విభూది బుధవారం, పెద్ద శుక్రవారం, 18 నిండినప్పటి నుంచి 59 నిండేదాకా. మాంసం మానడం 14 నిండినవాళ్ళందరికీ. ఆ రెండు రోజుల్లో కూడా నీళ్ళు తాగితే ఉపవాసం చెడదు. షుగరు మాత్రలు వాడేవాళ్ళు ఖాళీ కడుపుతో కొండెక్కొద్దు, వాళ్ళకు ఆ విధి వర్తించదు.

కొండ కింది టీ · శనివారం, ఉదయం 7:15

అదే పొద్దున తమిళ గుంపులు కూడా మెట్లెక్కుతాయి. రెండు స్పీకర్లు పక్కపక్క స్థలాల్లో మోగితే ఎవరిదీ ఎవరికీ వినబడదు. ముందే మాట్లాడుకుని కనీసం మూడు స్థలాల ఎడం ఉంచుకోండి, అంటే 13 నిమిషాలు. వాళ్ళు 5:15కి కదిలితే మనం 5:30. స్పీకర్ రాత్రే చార్జింగ్ పెట్టి, మైకు సెల్స్ ఒక జత అదనంగా జేబులో వేసుకోండి.

తాంబరం లోకల్ · శనివారం, ఉదయం 7:32

సెల్స్ నేను తెస్తా. అన్న వాక్యం మార్చాను, "కోపం లేదు" కొట్టేశాను. 120 మాటల దాకా పెంచుకోవచ్చు కానీ పెంచను. 9వ స్థలం ఇంకా కుదరలేదు. నిరాశ గురించి రాస్తుంటే ఉపదేశంలా వస్తోంది, రేపు పూజ తర్వాత పెడతా.